షావుకారు స్క్రీను మీద నా మొహం

ఒకప్పుడు గిద్దలూరు సెంటర్లో మనిషి మొహం బోర్డుకెక్కాలంటే మూడే దారులు. ఓట్లకు నిలబడాలి, పెళ్లి చేసుకోవాలి, లేదంటే చచ్చిపోవాలి. ఓట్లవాళ్లు చెయ్యెత్తి ఊపుతుంటారు, పెళ్లివాళ్లు జంటగా నిలబడి నమస్కారం పెడతారు, చచ్చినవాళ్ల మొహం చుట్టూ పూలదండ ఉంటుంది. చదువురాని నాలాంటిదానికి కూడా చూడగానే సంగతి తెలిసిపోయేది, అక్షరాలతో పనే ఉండేది కాదు. ఆ ఫ్లెక్సీలు కదలకుండా మెదలకుండా ఎండకు తెల్లబడి, గాలికి చినిగి, చివరికి ఎవరి గొర్రెల దొడ్డి మీదో కప్పుగా మారి మర్యాదగా బతికేవి. (మా మేకల కొట్టం మీద ఇప్పటికీ ఒక పెద్దమనిషి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. వాన పడితే సరిగ్గా ఆయన ముక్కు దగ్గర కారుతుంది.) ఆ నిమ్మళాన్ని చెడగొట్టింది వెలుగుతూ ఆరుతూ కదిలే బోర్డు. దాన్ని తెచ్చింది మా షావుకారు. దాని మీదికి ఎక్కింది నేను. ఎక్కింది కాదు, ఎక్కించారు. అది తలుచుకుంటే ఇన్నేళ్లయినా ఒళ్లు మండుతుంది. అందుకే నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు. తిట్లు మాత్రం పూర్తిగా వచ్చు. (తిట్లు రాయనంటోంది అమ్మాయి. అవి తీసేస్తే ఇంక మిగిలేదేముంది అంటున్నాను.)

అప్పటికి నాకు ముప్పై కూడా నిండలేదు. మా ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఆ దుమ్ము రొమ్ములోకి చేరి, దగ్గీ దగ్గీ పోయాడు. నేను, బడికి పోయే నా పిల్ల, మా అత్త, కొన్ని మేకలు, పక్కింట్లో మా మరిది కుటుంబం. కంభానికి ఇవతల చిన్న ఊరు మాది. గిద్దలూరులో బట్టల దుకాణంలో పని ఉందని తెలిసి పోతానంటే మా అత్త ఒకంతట ఒప్పుకోలేదు. పిల్లకు బడి ఖర్చు, మేకలకు మేత, ఇంట్లో ఆడవాళ్లమే అని నేను బతిమాలి, ఏడ్చి, అన్నం మానేసి చూపిస్తే, చివరికి ఒక్క మాట మీద ఒప్పుకుంది. "పో. కానీ మన ఇంటి మీద మాట రాగూడదు. ఒక్క మాట వచ్చిందా, ఆ పొద్దే పని మానేసి మేకల ఎనక పోవాల." నేను సరేనని తలూపాను. నా చేతిలో ఉన్నదాన్ని కాపాడతానని ఒప్పుకోవచ్చు. ఊరి నోట్లో ఉన్నదాన్ని ఎలా కాపాడతానో ఆలోచించలేదు.

మా షావుకారు చెడ్డవాడని చెప్పను. పండక్కి చీర పెట్టేవాడు, జ్వరం వస్తే ఇంటికి పొమ్మనేవాడు. అయితే ఆయనకు ఒక పట్టింపు ఉండేది. పొద్దున బోణీ అయ్యేదాకా నేను ముందుకు రాకూడదు. వెనక సందులోంచి వచ్చి, వెనక గదిలో చీరలు మడతలు పెడుతూ కూర్చోవాలి. ముందు ఎవరో ఒకరు ఒక జాకెట్టు ముక్కయినా కొని, ఆయన ఆ నోటు కళ్లకు అద్దుకొని గల్లాలో వేశాక, "ఇంక రా తల్లీ" అని పిలిచేవాడు. అంత మెత్తగా పిలిస్తే తిట్టడానికి కూడా వీలుండదు. శ్రావణ మాసం శుక్రవారాలైతే రోజంతా వెనక గదే. వ్రతాలకు చీరలు కొనడానికి ముత్తైదువలు వస్తారు కదా, ముందుగా నా మొహం కనబడితే వాళ్లకు ఏమవుతుందో మరి. నేను మడతపెట్టిన చీరలు మాత్రం అమ్మవారికి పనికొచ్చేవి. (ఇప్పుడైతే అడిగేదాన్ని. అప్పుడు నాకు కూడా అదే న్యాయమనిపించేది, అదీ నా మంట.)

షావుకారుకు ఒక బావమరిది. ఏ పనిలోనూ నిలవకుండా అన్ని ఊళ్లూ తిరిగి వచ్చినవాడు. జేబులో ఎప్పుడూ ఏదో ఒక రిమోటు ఉండేది కాబట్టి మేమంతా రిమోటు అనేవాళ్లం. స్క్రీను బుద్ధి పుట్టించింది వాడే. "బావా, ఫ్లెక్సీలు పాతబడిపోయినాయి. పెద్ద ఊళ్లలో అంతా స్క్రీన్లే. మన చీరలు చూపిస్తాం, మధ్యలో వేరే దుకాణాలోళ్ల యాడ్లు గూడా వేస్తాం, వాళ్ల దగ్గర బాడుగ తీసుకుంటాం" అని రోజూ చెవిలో ఊదాడు. షటర్ పైన ఇనుప చట్రం కట్టారు, దాని మీద నల్ల పలకల్లాంటివి వరసగా బిగించారు. అదంతా జరుగుతున్నప్పుడే ఒకరోజు రిమోటు నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఈ ఆకుపచ్చ పట్టుచీర ఒకసారి నీ చీర మీదనే చుట్టుకొని నమస్కారం పెట్టు. మనిషి మీద రంగు ఎట్ల కనపడతాదో ఫోన్లో చూసుకుంటా" అన్నాడు. మడతపెట్టే చీరే కదా, చుట్టుకున్నాను. నవ్వమన్నాడు, నవ్వాను. నా బతుకులో ఎవరైనా నవ్వమని అడిగి చాలా కాలమైంది, అందుకేనేమో కాస్త ఎక్కువే నవ్వాను. ఫోన్ జేబులో పెట్టుకొని పోయాడు. నేను ఆ సంగతి మరిచిపోయాను.

మొదటి శ్రావణ శుక్రవారానికి ముందురోజు సాయంత్రం, నేను ఆటో ఎక్కి ఊరికి పోయాక, కొబ్బరికాయ కొట్టి స్క్రీను వెలిగించారు. శుక్రవారం పొద్దున నేను మామూలుగా వెనక సందులోంచి వచ్చి వెనక గదిలో కూర్చున్నాను. ముందువైపు పోనిచ్చేవాళ్లు లేరు కాబట్టి ఊరంతా చూసినదాన్ని నేనొక్కదాన్నే చూడలేదు. ఆరోజు దుకాణంలో జనం మామూలుగా లేరు. పైగా తలుపు సందులోంచి ఒక్కొక్క ఆడమనిషి నావైపు తొంగి చూసి పోతోంది. ఒకామె మరొకామెతో "ఈమేనా?" అంటే రెండో ఆమె, "ఈమే. కానీ అక్కడ తెల్లగా ఉందే" అంది. ఎక్కడో నాకు అర్థం కాలేదు. ఇంతలో మా మరిది ఫోన్.

"వదినా, నిజం చెప్పు. ఎవుర్ని చేసుకున్నావు?"

"ఏంది నువ్వు మాట్లాడేది?"

"ఊరంతా ఫోన్లలో నీ పెండ్లి బోర్డే తిరగతా ఉంది. పక్కన మీసాలాయన. అమ్మ చూసింది. మేము బయల్దేరినాం, అక్కడే ఉండు."

పట్టింపు లేదు, బోణీ లేదు, దుకాణం మధ్యలోంచి జనాన్ని తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చి తలెత్తి చూశాను. షటర్ పైన ఇంటి గోడంత వెలుగులో నేను నిలబడి ఉన్నాను. సున్నం కొట్టినట్టు తెల్లగా. ముక్కున లేని ముక్కుపుడక. నుదుట పావలా కాసంత ఎర్రటి బొట్టు, అదీ నడిమిన కాకుండా కాస్త ఎడమకు జరిగి. రెండు చేతులూ జోడించి వచ్చేపోయే లారీలకు నవ్వుతూ నమస్కారం పెడుతున్నాను. నేను చూస్తుండగానే ఎడమవైపుకు జరిగాను. కుడివైపునుంచి పురుగుమందుల కొట్టాయన, మేమంతా మామ అని పిలిచే మనిషి, జరుగుతూ వచ్చాడు. ఆయనదీ మా స్క్రీను మీద యాడ్. కొత్త ఫొటో ఎందుకనుకున్నాడో ఏమో, తన కూతురి పెళ్లిలో తీసిన ఫొటో ఇచ్చాడు. పట్టు కండువా, మెలితిప్పిన మీసం, చేతులు జోడించి నమస్కారం. నేను పూర్తిగా పోకముందు, ఆయన పూర్తిగా రాకముందు, ఒక క్షణం ఇద్దరం పక్కపక్కనే నిలబడతాం. కింద ఎర్రటి అక్షరాలు పరుగెడుతున్నాయి. పక్కన నిలబడిన కాలేజీ పిల్లను చదివి పెట్టమంటే చదివింది. "శ్రావణ శుభవేళ బంధుమిత్ర సపరివారంగా విచ్చేయ ప్రార్థన." ఇంక పెళ్లి కాక ఏమనుకుంటారు జనం? బోర్డు మీద మొహానికి మూడే దారులని చెప్పాను కదా. మేమిద్దరం ఓట్లకు నిలబడలేదు, మా మొహాల చుట్టూ పూలదండల్లేవు.

లోపలికి వచ్చాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు. దుకాణంలో వాళ్లకు గుర్తుందట. షావుకారు గల్లా దగ్గర్నుంచి లేవకుండానే, "ఎందుకు తల్లీ అంత కోపం? ఎంత లక్షణంగా పెట్టించినానో చూడు. బయట మోడల్‌ను పిలిపిస్తే ఎంత ఖర్చు?" అన్నాడు.

"నన్ను అడిగినారా?"

"నీకేం నష్టం చెప్పు."

"బోణీ కాకముందు చూడగూడని మొహం, రోడ్డు మీద కట్టినారే. బొట్టు పెడితే పనికొస్తుందా?"

ఆయన గల్లాలో నోట్లు సర్దుకుంటూ, "ఉత్త నుదురుతో శ్రావణ మాసం యాడ్ ఎట్ల వేస్తారమ్మా" అన్నాడు, నాకు లెక్క రాదన్నట్టు. నేను రిమోటు వైపు తిరిగి తీసేయమన్నాను. వాడు జేబులోంచి రిమోటు తీసి చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "నా చేతిలో లేదక్కా. సెట్టింగ్ అంతా మార్కాపురం మెకానిక్ చేసినాడు. పవర్ తీస్తే మొత్తం పోతాది. శుక్రవారం అయిపోనీ, తీసేస్తా." శుక్రవారం అయిపోవాలట! అవతల ఆటోలో మా అత్త బయల్దేరింది.

నేను మేడ మెట్లెక్కాను. స్క్రీను వెనక చిన్న డబ్బా, దాంట్లోంచి రెండు వైర్లు. ఒకటి లావు, ఒకటి సన్నం. లావుది పట్టుకుంటే షాక్ కొట్టి పోతానేమో, పిల్ల ఒంటరిదైపోతుందని సన్నదాన్ని పట్టుకొని పీకాను. ఊడి చేతికొచ్చింది. అమ్మయ్య అనుకొని, కొంగు నడుముకు చెక్కుకొని మెట్లు దిగి వచ్చేసరికి రోడ్డు మీద జనం ఒక్కటే నవ్వు. ఏముంది? స్క్రీను ఆరలేదు. ఆగిపోయింది. ఎక్కడ ఆగిందంటే, సరిగ్గా ఆ క్షణం దగ్గర. ఎడమ సగంలో నేను, కుడి సగంలో పురుగుమందుల మామ, ఇద్దరమూ చేతులు జోడించి, కదలకుండా. అంతవరకూ కళ్లు మూసి తెరిచేలోపు పోయే జంట, ఇప్పుడు ఫ్లెక్సీలాగే నిలబడిపోయింది. ఆటోవాళ్లు ఆపి మరీ ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకడు, "జంట బాగుందక్కా, విందెప్పుడు?" అన్నాడు. వాడి వంశాన్నంతా ఎత్తి ఒక మాట అన్నాను. (రాయి అంటున్నాను. రాయట్లేదు.) రిమోటు తల పట్టుకొని మెకానిక్‌కు ఫోన్ చేశాడు. మెకానిక్ మార్కాపురంలో బంధువుల పెళ్లిలో ఉన్నాడట, సాయంత్రం దాకా రాలేడట. నా పెళ్లి ఆపడానికి ఇంకొకళ్ల పెళ్లి అడ్డమొచ్చింది.

ముందుగా వచ్చింది పురుగుమందుల మామ భార్య. చేతిలో చాట ఉంది; బియ్యం చెరుగుతూ ఉన్నదున్నట్టే లేచి వచ్చినట్టుంది. "ఏందమ్మే, నా మొగుడి పక్కన నిలబడి నవ్వేది నువ్వేనా?"

"నేను కాదత్తా. నిలబడిండేది ఆ డబ్బా. నేను నీ ముందర ఉండా. నవ్వతా ఉండానా చూడు."

ఆమె నా మొహం చూసింది, నుదురు చూసింది, మళ్లీ తలెత్తి స్క్రీను చూసింది. చాట కిందికి దించింది. "మరి ఆ బొట్టేంది?"

"షావుకారు పెట్టినాడు."

"షావుకారా!" ఆమె గొంతు రైల్వే గేటు దాకా వినబడింది. "పరాయి ఆడదానికి వాడెవుడు బొట్టు పెట్టేదానికి?" షావుకారు అప్పటికి గాని గల్లా వదిలి బయటికి రాలేదు. "నేను కాదమ్మా, నేను కాదు, కంప్యూటరు" అంటూ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఆమె వదల్లేదు. "నా మొగుణ్ని కూడా చూడు, సున్నంలో ముంచినట్టు ఎట్ల చేసినారో. పెండ్లప్పుడు గూడా ఇంత తెల్లగా లేడు మనిషి!" జనం మళ్లీ నవ్వారు. ఈసారి నాకూ నవ్వు వచ్చేదే, కానీ అప్పుడే ఆటో ఆగింది. మా అత్త దిగింది, వెనక మరిది.

మా అత్త పొట్టి మనిషి. రోడ్డు మధ్యలో నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని, చాలాసేపు స్క్రీను చూసింది. నాకు ఒకటే దిగులు, అయిపోయింది, ఈ పొద్దుతో పని అయిపోయింది, రేపటినుంచి మేకలే అని. మాట వచ్చింది కదా, ఊరి ఊరే మాటైపోయింది కదా. ఆమె మెల్లగా నడిచి షావుకారు దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా షావుకారూ, ఆ బొట్టు పెట్టిండేది ఎవురు?"

"కంప్యూటర్లో పెట్టినారు పెద్దమ్మా. చూసేదానికి బాగుంటాదని."

"ఓహో. లేని బొట్టును తెచ్చి పెడతాదా మీ కంప్యూటరు?"

రిమోటుకు గర్వం ఆగలేదు. "ఏదైనా పెడతాది పెద్దమ్మా! లేంది ఉన్నట్టు చేస్తాది."

"అట్లనా. అయితే ఆ మీసాలాయన్ను తీసేసి, అక్కడ నా కొడుకును పెట్టు. అప్పుడు ఉండనీ బొట్టు, నేనేం అనను."

రిమోటు, వాడి నోరు పడిపోను, "ఫొటో ఉంటే పంపు పెద్దమ్మా, పెట్టేద్దాం" అన్నాడు.

"ఫొటో కాదురా. కొడుకును."

అంతసేపూ నవ్విన జనంలో ఒక్కరూ నవ్వలేదు. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. పురుగుమందుల మామ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్త నావైపు తిరిగి, మేకను అదిలించినట్టు, "ఏందే చూస్తా నిలబడినావు? మూయి దాన్ని" అంది.

మూయడానికి దుకాణంలో గుడ్డకు కరువా! మేమిద్దరం, అంటే నేనూ పురుగుమందుల అత్తా, లోపలికి పోయి శ్రావణ మాసం ఆఫర్ అని పేర్చిన పట్టుచీరలు చేతికందినన్ని ఎత్తుకొని మేడ ఎక్కాం. "అవి ధర్మవరానివి, అవి ధర్మవరానివి" అని షావుకారు వెనక పరుగెత్తాడు. కొంగులు చట్రానికి ముడేసి ఒక్కొక్క చీరా కిందికి వదిలాం. ఎర్రది, పసుపుది, నెమలికంఠం రంగుది. ఐనా ఆ పాడు వెలుగు ఆగితేనా? ఎర్రచీర వెనకనుంచి పురుగుమందుల మామ మీసం మెరుస్తూనే ఉంది. "ఇంకోటి వెయ్ అమ్మే, ఇంకా కనపడతా ఉండాడు" అని పురుగుమందుల అత్త కిందికి వంగి చూసి అరుస్తోంది. అప్పుడు కింద ఎవరో, "షావుకారూ, ఆ స్క్రీను కాలతా ఉంటాది, పట్టు కమిలిపోతాది" అన్నారు. అంతే. సెట్టింగ్ పోతుందన్న స్క్రీను, మార్కాపురం నుంచి మెకానిక్ రానిదే ఎవరి చేతిలోనూ లేని స్క్రీను, షావుకారు మెయిన్ మీద ఒక్క దెబ్బ వేయగానే ఆరిపోయింది. నా మొహం నిలబడినంతసేపూ ఆరడానికి వీల్లేనిది, చీర కమిలిపోతుందనేసరికి ఆరింది. ఇంత జరిగినదాంట్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

ఆటోలో ఇంటికి పోతున్నంతసేపూ పని మాట నేను ఎత్తలేదు. అడిగితే చెబుతుందని భయం. ఊరు దగ్గర పడ్డాక, బయటికి చూస్తూనే అంది. "రేపు యాళకు పో."

"పనికేనా?"

"మరి సినిమాకా? ముందు తలుపులోంచి పో."

మరుసటి రోజు ముందు తలుపులోంచే పోయాను. షావుకారు అగరొత్తులు వెలిగిస్తున్నాడు. నన్ను చూసి, అలవాటు కొద్దీ చెయ్యి వెనక గది వైపు లేచింది. "ఇంకా బోణీ కాలేదు తల్లీ…"

"నిన్న నా మొహం చూసే కదా ఊరంతా దుకాణం ముందరికి వచ్చింది. ఎప్పుడైనా అంత బేరం జరిగిందా మీకు? ఇంక ఏ బోణీ కావాల?" అని గల్లా ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చున్నాను. ఆయన అగరొత్తులు పట్టుకొని అలాగే నిలబడిపోయాడు, వేళ్లు కాలేదాకా. ఆరోజు మొదట వచ్చింది పురుగుమందుల అత్త. మేడ మీద కట్టిన నెమలికంఠం చీర అడిగి తీసుకుంది. ఆ తర్వాత నేను ఆ దుకాణంలో ఉన్నన్నాళ్లూ వెనక సందు తొక్కలేదు. స్క్రీను మళ్లీ వెలిగింది, మనుషులు లేకుండా ఉత్త చీరలతో.

ఇప్పుడు గిద్దలూరులో ఎక్కడ చూసినా స్క్రీన్లే. నగల కొట్టు మీద, ఆసుపత్రి మీద, ట్యూషన్ల మీద ఆడమొహాలు నవ్వుతూ ఎడమకు జరిగిపోతుంటాయి. నేను ఆటోలో పోతూ వాళ్లను చూసి, నిన్ను అడిగినారా తల్లీ అని మనసులో అనుకుంటాను. ఆరోజు ఊరంతా ఫోన్లలో తిరిగిన ఆ స్క్రీను వీడియో మా మరిది ఫోన్లోంచి అమ్మాయి ఫోన్లోకి వచ్చింది. మా అత్త పోయే ముందు సంవత్సరం ఒకసారి పెట్టమని అడిగి, కళ్లు చికిలించి చూసి, "బొట్టు బాగానే ఉండిందిలే. వాడికి చాతగాక పక్కకు పెట్టినాడు" అంది. మేకలకు నీళ్లు పెట్టడానికి లేచి పోయింది. నేను చిన్న ఎర్ర స్టిక్కరు కొని తెచ్చుకున్నాను. ఎవరూ పెట్టలేదు, ఎవరినీ అడగలేదు. అద్దంలో చూసి నడిమినే పెట్టుకుంటాను.

అప్పుడప్పుడు వీడియో ఆపి దాన్ని చూస్తుంటాను, ఆ సున్నం మొహం పిల్లను. ఎవరో నవ్వమన్నారని అంత సంబరంగా నవ్వుతోంది, తనను ఎక్కడికి ఎక్కిస్తున్నారో తెలియకుండా, లారీలకు దండం పెట్టుకుంటూ. కోపం వస్తుంది. వెనకే నవ్వూ వస్తుంది. రెంటిలో ఏది ముందు రాయాలని అడుగుతోంది మా అమ్మాయి. ఆ పిల్లకు నవ్వంటే ఇష్టం, నవ్వే చివర రాయమన్నాను.